నలుగురి నోట నానితేనే వార్తకు బలం

ఒక పాఠం ప్రభుత్వ విధానాన్ని కదిలించింది. ఒక చిన్న రేడియో పాత పంటలకు ప్రాణం పోసింది. ఒక పుకారు అమాయకుల ఉసురు తీసింది. మూడూ మన నేల మీద జరిగినవే. ప్రసార మాధ్యమాల బలం ఎక్కడ పుడుతుందో, ఎక్కడ దారి తప్పుతుందో చెప్పే కథలివి.

రాత్రి భోజనాలయ్యాక నెల్లూరు జిల్లా పల్లెల్లో లాంతర్లు వెలిగేవి. రామాలయం మంటపంలోనో, బడి వరండాలోనో, ఎవరింటి అరుగు మీదో పదీ పదిహేను మంది ఆడవాళ్లు పలకలు పట్టుకుని కూర్చునేవారు. పొద్దంతా నాట్లేసి, కలుపు తీసి, ఇంటికొచ్చి వంట చేసి, పిల్లల్ని పడుకోబెట్టి వచ్చినవాళ్లు. 1991 నాటి మాట ఇది. జాతీయ అక్షరాస్యతా మిషన్ కింద జిల్లాలో 'అక్షర దీపం' ఒక ఉద్యమంలా సాగుతున్న రోజులు. కళాజాతా బృందాలు ఊరూరా పాటలు పాడి, నాటికలు వేసి జనాన్ని రాత్రి బడులకు రప్పించాయి.

అక్కడ చదివించిన వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. మొగుడి తాగుడుకు బలైన ఇల్లాలి కథ. వాలంటీరు ఒక్కో మాటా కూడబలికిస్తుంటే ఆడవాళ్లు అక్షరాల కింద వేలు పెట్టుకుని చదివేవారు. పాఠం పూర్తయ్యాక అసలు పని మొదలయ్యేది. ఇలాంటి సీతమ్మలు మన ఊళ్లో ఉన్నారా? ఆమెకు ఆ గతి ఎందుకు పట్టింది? మనం తెచ్చిన కూలి డబ్బులు ఎక్కడికి పోతున్నాయి? జవాబులు పుస్తకంలో వెతకాల్సిన పని లేదు, పక్కన కూర్చున్నవాళ్ల మొహాల్లోనే ఉన్నాయి. అప్పటిదాకా ఎవరికి వారు తమ ఖర్మ అనుకుని దిగమింగుకున్న సంగతి అలా ఊరి సంగతి అయింది.

కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. ఊళ్లోకి సారా రానివ్వమని అడ్డం తిరిగారు, దుకాణం మూయించారు. వారికి ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ ఆ తర్వాత రాష్ట్రమంతటికీ దూబగుంట రోశమ్మ అయ్యారు. వాళ్ల గెలుపు తర్వాతి వాచకంలో 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠంగా అచ్చయింది. అది చదివిన ఇంకో ఊరి వాళ్లు, దూబగుంటలో అయింది మన దగ్గర ఎందుకు కాదని కొంగు బిగించారు.

మాధ్యమాల ప్రభావం అనగానే మనకు గుర్తొచ్చేవి టీవీ చర్చలు, బ్రేకింగ్ న్యూస్ పట్టీలు, కోట్ల వ్యూస్ దాటిన వీడియోలు. ఎంతమందికి చేరిందన్నదే కొలబద్ద అయిపోయింది. తెలుగు నేల మీద ఒక పాఠమో, పత్రికో, రేడియోనో సమాజాన్ని నిజంగా కదిపిన సందర్భాలు తరచి చూస్తే వేరే లెక్క తేలుతుంది. చేరడం సగం పనే. చేరిన మాటను నలుగురూ కలిసి విని, వాదించుకుని, మనమేం చేద్దామని ఒకరినొకరు అడిగినప్పుడే దానికి బలం వస్తుంది. అలా కూర్చునే చోటున్న ఊళ్లో పలుచని వాచకం కూడా ప్రభుత్వాన్ని కదిపింది. ఆ చోటు లేని ఊళ్లలో ప్రపంచాన్ని అరచేతిలో పెట్టిన సాంకేతికత మనుషుల్ని చంపించింది.

బస్సెక్కి వచ్చిన వార్త

సారా అప్పట్లో ప్రభుత్వ ఖజానాకు పెద్ద దిక్కు. 1980ల్లో వచ్చిన 'వారుణి వాహిని' విధానంతో సారా ప్యాకెట్లలోకి మారి మారుమూల పల్లెలకూ పాకింది. ఏటా దుకాణాలకు వేలం జరిగేది. పాట పాడుకున్న కాంట్రాక్టరుకు డబ్బుండేది, మనుషులుండేవారు, వెనక రాజకీయ అండ ఉండేది. ఒక ఊరి ఆడవాళ్లు ఎదురు తిరిగితే బెదిరించి నోరు మూయించడం అతనికి కష్టమేమీ కాదు. పక్క మండలానికి తెలియకపోతే ఆ తిరుగుబాటు ఊరి పొలిమేర దాటకుండానే అణగారిపోయేది. అలా అణగారనివ్వకుండా చేసింది పత్రిక.

అందుకు కావాల్సిన ఏర్పాటు అప్పటికే సిద్ధంగా ఉంది. 1974లో విశాఖపట్నంలో మొదలైన 'ఈనాడు' 1989లో ప్రధాన సంచికతో పాటు జిల్లా టాబ్లాయిడ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. తర్వాత మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. అంతకుముందు రాష్ట్ర పేజీల్లో ఒక పల్లెకు చోటు దొరకాలంటే హత్యో, తుపానో, మంత్రిగారి పర్యటనో ఉండాలి. రోజూ జిల్లా పేజీలన్నీ నిండాలంటే ఊరి చెరువు, ఊరి బడి, ఊరి కొట్లాట అన్నీ వార్తలే కావాలి. పల్లె మొదటిసారి ప్రతిరోజూ వార్తయింది.

ఆ వార్త రాసేది మండలంలో ఉండే కంట్రిబ్యూటరు. వాళ్లలో చాలామందికి అది పూర్తికాలపు కొలువు కాదు. ఒకరు మందుల షాపు నడుపుకుంటూ, ఒకరు ట్యూషన్లు చెప్పుకుంటూ, ఒకరు సేద్యం చూసుకుంటూ రాసేవారు. మధ్యాహ్నానికల్లా తెల్లకాగితాల మీద వార్త రాసి, కవరులో పెట్టి, పైన పత్రిక పేరు వేసి, ఆర్టీసీ బస్సు డ్రైవరుకో కండక్టరుకో అప్పజెప్పేవారు. జిల్లా కేంద్రంలో ఆఫీసు కుర్రాడు బస్టాండుకు వెళ్లి కవర్లు ఏరుకొచ్చేవాడు. డెస్కులో సబ్ఎడిటర్లు పొద్దుపోయేదాకా కూర్చుని దిద్ది, హెడ్డింగులు పెట్టి పేజీలు కట్టించేవారు. తెల్లారేసరికి, కవరు ఎక్కించిన ఆ సెంటర్లోనే పత్రికల కట్ట దిగేది. కట్ట విప్పగానే టీకొట్టు బల్ల మీదికి ఒక ప్రతి వచ్చేది. చదువు వచ్చినవాడు బిగ్గరగా చదివితే రానివాళ్లు చెవులప్పగించేవారు. ఈసారి చదువు వచ్చినవాళ్లలో రాత్రి బడి ఆడవాళ్లు కొత్తగా చేరారు. పేపర్లో పడింది వాళ్ల ఊరి పేరే.

1992లో 'ఈనాడు' సారా వ్యతిరేక ఉద్యమానికి రోజూ ప్రత్యేకంగా చోటు కేటాయించింది. ఎక్కడ ప్యాకెట్లు తగలబెట్టారు, ఎక్కడ దుకాణానికి తాళం వేశారు, ఎక్కడ తాగొచ్చిన మొగుళ్లకు ఆడవాళ్లే శిక్ష వేశారు, ఎక్కడ పోలీసులు అడ్డుపడ్డారు, అన్నీ ఊరి పేర్లతో సహా వచ్చేవి. పేపర్లో పేరు పడిన ఊరి మీద చెయ్యి వేయడానికి కాంట్రాక్టరు జంకాడు. చదివిన పక్క ఊరికి ధైర్యం వచ్చింది. జిల్లాలో సారా వేలం పాటలు పదే పదే వాయిదా పడ్డాయి. చివరికి 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. అప్పుడు ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి. 1994 ఎన్నికల్లో మద్యం పెద్ద సమస్యగా నిలిచింది. గెలిచిన ఎన్.టి.రామారావు ప్రమాణ స్వీకారం రోజే సంతకం చేసి, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలుచేశారు.

పత్రిక చేసిందెంత, ఆడవాళ్లు చేసిందెంత

ఆ ఉద్యమాన్ని పత్రికే పుట్టించిందని చెప్పేవాళ్లున్నారు. రాజకీయ లెక్కలతోనే పత్రికలు దాన్ని అంతగా ఎత్తుకున్నాయని విమర్శించినవాళ్లూ ఉన్నారు. రెండో మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. ఏ యాజమాన్యానికైనా ఇష్టాయిష్టాలుంటాయి. ఏ వార్త మొదటి పేజీకెక్కాలో, ఏది లోపలి పేజీ మూలకు పోవాలో వాటిని బట్టి మారుతూనే ఉంటుంది. మొదటి మాట మాత్రం ఆ ఆడవాళ్లకు చేసే అన్యాయం. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని దారులు కాసింది వాళ్లు. ఇంట్లో, వీధిలో దెబ్బలు తిన్నదీ వాళ్లే. పత్రిక ఒక ఊరి ఆడవాళ్లను ఇంకో ఊరి ఆడవాళ్లకు చూపించింది. వాళ్ల గొంతు హైదరాబాదుకు వినపడేలా చేసింది. అది చిన్న పనేమీ కాదు. అయితే గొంతు వాళ్లదే.

మాధ్యమాల మీద జరిగిన రెండు పాత అధ్యయనాలు ఇక్కడ పనికొస్తాయి. 1940 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం ఒహాయో రాష్ట్రం ఈరీ కౌంటీలో ఓటర్లను నెలల తరబడి పలకరించింది. రేడియో, పత్రికల ప్రచారం ఓటరు మనసును ఎంతవరకు మారుస్తుందో చూడాలని వాళ్లు బయల్దేరారు. తీరా చూస్తే చాలామంది తమ చుట్టూ ఉన్నవాళ్లలో తాము నమ్మే మనిషి మాటకే ఎక్కువ విలువిచ్చారు. పేపరు చదివి, రేడియో విని నలుగురికీ చెప్పే ఆ మనిషి గుండానే వార్త మిగతావాళ్లకు చేరింది. రెండోది, 1968 ఎన్నికల వేళ నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్‌లో మాక్స్‌వెల్ మెకూంబ్స్, డొనాల్డ్ షా చేసిన పరిశీలన. మాధ్యమాలు దేనికి ఎక్కువ చోటిచ్చాయో, ఓటర్లు ముఖ్యమనుకున్నవీ దాదాపు అవేనని అందులో తేలింది.

నెల్లూరులో ఈ రెండూ ఒకే చోట కలిశాయి. నమ్మే మనిషి ఊళ్లోనే ఉంది. ఆమె పక్కింటి అక్క, రాత్రి బడిలో తనతో పాటు పలక పట్టిన వదిన. ఆమె ఎత్తిన ప్రశ్ననే పత్రిక ప్రతి ఉదయం రాష్ట్రం ముందు పెట్టింది. ఈ కలయిక చెదిరిపోతే ఏమవుతుందో కూడా ఆ కథే చెప్పింది. 1997లో సంపూర్ణ నిషేధాన్ని సడలించినప్పుడు నాటి జోరు పేజీల్లోనూ కనపడలేదు, వీధుల్లోనూ కనపడలేదు. మిగిలింది మాత్రం ఒకటుంది. నిషేధం తర్వాత నెల్లూరు ఆడవాళ్లు రోజుకో రూపాయి చొప్పున దాచుకుంటూ 'పొదుపు లక్ష్మి' సంఘాలు కట్టుకున్నారు. పొదుపు సంఘాల ఉద్యమం రాష్ట్రమంతా పాకడానికి నెల్లూరు దారి చూపింది. పత్రికలు వేరే వార్తల్లోకి వెళ్లిపోయినా, ఆడవాళ్లు కలిసి కూర్చునే చోటు మిగిలింది.

చదివేది ఒకరు, వినేది పదిమంది

నెల్లూరుకు చాలా ముందే మన పెద్దలకు ఈ సంగతి తెలుసు. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు చోటు కరువైన కాలంలో, 1926లో సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాదు నుంచి 'గోలకొండ పత్రిక' తెచ్చారు. తెలంగాణలో కవులే లేరన్న మాట వినపడినప్పుడు ఆయన వాదానికి దిగి ఊరుకోలేదు. ఊరూరి నుంచి కవితలు రప్పించి 354 మందితో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేయించారు. ఎక్కడికక్కడ ఒంటరిగా రాసుకుంటున్నవాళ్లు ఒకే పుస్తకంలో ఒకరికొకరు ఎదురయ్యారు. మాధ్యమం సమాజానికి చేయగల మేలు ఇంతకన్నా ఏముంటుంది?

పత్రిక నలుగురికీ అందాలంటే కొని చదివేవాళ్లుంటే సరిపోదని గ్రంథాలయోద్యమం గుర్తించింది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిశాయి. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మొదటి మహాసభ జరిగింది. 1935లో కృష్ణా కాలువల మీద పడవలోనే గ్రంథాలయం నడిపారు. ఆ పఠన మందిరాల్లో పత్రిక బల్ల మీద ఉండేది, చుట్టూ జనం ఉండేవారు. సంపాదకీయం మీద వాదులాట అక్కడే జరిగేది. స్వాతంత్ర్యోద్యమ వార్త అచ్చులో వచ్చింది, నోటి మాటగా నడిచింది.

రేడియో వచ్చాక చోటు మారింది గానీ తీరు మారలేదు. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలైంది. పంచాయతీ ఆఫీసు మీద కట్టిన లౌడ్‌స్పీకరు సాయంత్రం వార్తలు, రైతుల కార్యక్రమం ఊరంతటికీ వినిపించేది. రచ్చబండ మీద కూర్చున్న రైతులు కొత్త వరి వంగడం గురించి విని, అక్కడికక్కడే తేల్చుకునేవారు. తమిళనాడు తంజావూరు ప్రాంతంలో ఏడీటీ-27 రకాన్ని జనం రేడియో వరి అనే పిలిచారు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు సాగిన సైట్ ప్రయోగంలో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలకు టీవీ వచ్చింది. అందులో నాటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఊరికొక సెట్టు. పొద్దుగూకాక ఊరు ఊరంతా దాని ముందు చేరి సేద్యం, ఆరోగ్యం, చదువుల గురించిన కార్యక్రమాలు చూసేది.

ఆ తర్వాత సెట్టు ఇంట్లోకి వచ్చింది. 1977లో హైదరాబాద్ దూరదర్శన్, 1990ల్లో ప్రైవేటు తెలుగు చానెళ్లు, 2000 తర్వాత ఇరవై నాలుగు గంటల వార్తలు. చూసేవాళ్ల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది. కలిసి చూసే చోటు మాత్రం ఊరి నుంచి హాల్లోకి, హాల్లోంచి మంచం మీదికి, అక్కణ్నుంచి అరచేతిలోకి కుంచించుకుపోయింది.

మాచ్నూర్ మైకు

ఆ వరసకు ఎదురు నిలిచిన చోటు ఒకటి జహీరాబాద్ ప్రాంతంలో ఉంది. 2008 అక్టోబరు 15న మాచ్నూర్ నుంచి 90.4 ఎఫ్ఎం మీద 'సంఘం రేడియో' గొంతు విప్పింది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల రేడియో ఇది. నడిపేవాళ్లు దళిత మహిళలు. ప్రారంభించింది జస్టిస్ పి.బి.సావంత్. రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో తీర్పిచ్చిన సుప్రీంకోర్టు ధర్మాసనంలో ఆయన ఉన్నారు. ఆ తీర్పు కాగితం మీది నుంచి పల్లెటూరి స్టూడియోలోకి దిగడానికి పదమూడేళ్లు పట్టింది.

ఈలోగా మాచ్నూర్ ఆడవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. యునెస్కో సాయంతో స్టూడియో ఎప్పుడో సిద్ధమైంది. లైసెన్సు లేదు కాబట్టి కార్యక్రమాలు క్యాసెట్ల మీద రికార్డు చేసి, సంఘం సమావేశాలకు పట్టుకెళ్లి టేప్‌రికార్డరులో వినిపించేవారు. విన్నవాళ్లు అక్కడే తప్పులు దిద్దేవారు, మాట కలిపేవారు, ఇంకో పాట గుర్తొస్తే పాడేవారు. గాల్లోకి ఎక్కకముందే ఆ రేడియోకు శ్రోతలున్నారు.

స్టూడియోను చూసుకునేవాళ్లలో ఇద్దరు నరసమ్మలు పేరుపడ్డారు. ఒకరు జనరల్ నరసమ్మ, ఇంకొకరు ఆల్గోలు నరసమ్మ. రికార్డరు భుజాన వేసుకుని చేలగట్ల మీదికి వెళ్తారు. ఒకే చేలో జొన్న, కంది, సామ, కొర్ర కలిపి పది పన్నెండు పంటలు పండించే ముసలమ్మ పక్కన కూర్చుంటారు. ఏ విత్తనం దేని పక్కన వేస్తే మంచిది, పురుగు పట్టకుండా ఎట్లా దాచాలి, ఏ కార్తెలో ఏది చల్లాలి, అన్నీ అడిగి ఆమె మాటల్లోనే ఎక్కించుకుంటారు. వచ్చి కంప్యూటరు ముందు కూర్చుని కోతలు కోసి, అతుకులు అతికి కార్యక్రమం తయారు చేస్తారు. పశువుల రోగాలకు నాటు వైద్యం, పెళ్లి పాటలు, బతుకమ్మ పాటలు, పాత పంటల జాతర ముచ్చట్లు, అన్నీ జహీరాబాద్ యాసలోనే. వినేవాళ్లు పొలం నుంచి వచ్చి రొట్టెలు చేసుకుంటూ వింటారు.

ఆ రేడియో పరిధి చుట్టుపక్కల ఊళ్లు దాటదు. వాణిజ్య ఎఫ్ఎం లెక్కల్లో అది కనపడను కూడా కనపడదు. అయినా దానికున్న ఒక బలం పెద్ద చానెళ్లకు లేదు. మాట్లాడిన మనిషి ఎవరో విన్నవాళ్లకు తెలుసు. రేడియోలో తప్పు చెబితే వచ్చే సమావేశంలో మొహం మీదే అడుగుతారు. చిరుధాన్యాలను పేదోళ్ల తిండి అని చిన్నచూపు చూసిన రోజుల్లో ఆ విత్తనాలు జహీరాబాద్ చేలల్లో మిగిలాయంటే, సంఘాలతో పాటు అక్కడి మైకు కూడా అందుకు సాయపడింది. ఇలాంటి ప్రయత్నమే చిత్తూరు జిల్లాలో 'నవోదయం' పత్రికగా 2001లో వచ్చింది. పొదుపు సంఘాల ఆడవాళ్లే విలేకరులై ఊరి సమస్యలు రాశారు. వార్త అంటే ఎవరో పట్నం నుంచి వచ్చి రాసుకుపోయేది అన్న భావన అక్కడ చెరిగిపోయింది.

ఎవరి ఫోనులో వాళ్లు

2018 మే నెల. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని, పార్థీ గ్యాంగులు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో సందేశాలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పల్లెల్ని చుట్టేశాయి. ఎక్కడివో, ఎప్పటివో తెలియని వీడియోలు, గొంతు మాత్రం మన తెలుగులో. కొత్త మనిషి కనపడితే చాలు కర్రలు లేచాయి. హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను మూక కొట్టి చంపింది. పొట్టకూటికి తిరిగేవాళ్లు, మతి స్థిమితం లేనివాళ్లు, దారి తప్పినవాళ్లు దెబ్బలు తిన్నారు, ప్రాణాలు కోల్పోయారు. దేశమంతటా ఇలాంటి దాడులు జరిగాక, ఆ జులైలో వాట్సాప్ భారత్‌లో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది.

ఇది కూడా మాధ్యమ ప్రభావమే. దాని తీరు మాత్రం నెల్లూరుకు పూర్తిగా విరుద్ధం. సందేశం ఎవరు రాశారో తెలియదు. పంపింది మాత్రం బావమరిదో, చిన్ననాటి స్నేహితుడో. మనం నమ్మే మనిషి గుండా వచ్చింది కాబట్టి నమ్మాం. లాజర్స్‌ఫెల్డ్ చూసిన నమ్మకపు దారినే అబద్ధం కూడా పట్టింది. ఒక్క తేడా ఉంది. ఎవరి ఫోనులో వాళ్లు, ఎవరి భయంతో వాళ్లు ఒంటరిగా చదువుకున్నారు. అదెక్కడ జరిగింది, నువ్వు చూశావా, ఎవరి పిల్ల పోయింది అని అడిగే నలుగురు ఎదురుగా లేరు. భయం ఒంటరిగా పెరిగింది, మూకగా బయటికొచ్చింది.

దీనికి మందు ఏమిటో జోగులాంబ గద్వాల జిల్లా చూపించింది. అప్పుడు ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి అధీనంలో 400కు పైగా గ్రామాలున్నాయి. వీడియోలు చూసి జనం ఆరుబయట పడుకోవడం మానేశారని, రాత్రి కర్రలు పట్టుకుని కాపలా కాస్తున్నారని ఊళ్లు తిరిగే పోలీసుల నుంచి ఆమెకు తెలిసింది. పోలీసులు ఊరూరా జనాన్ని కూర్చోబెట్టారు. ఫోనులో వచ్చిన వీడియోను అందరి ముందూ పెట్టి, ఇది ఎందుకు అబద్ధమో విప్పి చెప్పారు. డప్పు వాయించి దండోరా వేయించారు. పోలీసు కళాబృందం పాటలు కట్టి పాడింది. సర్పంచులు, ఊరి వాట్సాప్ గ్రూపులు వాళ్లతో కలిశారు. చుట్టుపక్కల రాష్ట్రాల్లో మూకదాడుల మరణాల వార్తలు వస్తుంటే ఆ ఊళ్లలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. అత్యంత కొత్త మాధ్యమం రేపిన మంటను అత్యంత పాత మాధ్యమం ఆర్పింది. డప్పు చుట్టూ జనం చేరారు, ప్రశ్నలు అడిగారు, ఊరు కుదుటపడింది.

వార్త అమ్ముడుపోతే

చోటు ఒక్కటే ఉంటే సరిపోదు. అక్కడికి వచ్చే మాట నికార్సైనదై ఉండాలి. 2009 ఎన్నికల్లో మన పత్రికారంగం ఆ పరీక్షలో ఘోరంగా ఓడింది. డబ్బు కట్టిన అభ్యర్థి గెలుపు ఖాయమని ఒక పేజీలో, అతని ప్రత్యర్థిదే గెలుపని ఇంకో పేజీలో వార్తలు వచ్చాయి. ప్రకటన అని ఎక్కడా ఉండదు, అచ్చం వార్తలాగే హెడ్డింగు, ఫొటో ఉంటాయి. రాష్ట్ర వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ ఈ 'పెయిడ్ న్యూస్'ను ఆధారాలతో బయటపెట్టింది. తర్వాత ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో పరంజయ్ గుహా ఠాకుర్తాతో పాటు మన కె.శ్రీనివాసరెడ్డి ఉన్నారు. వాళ్ల నివేదిక పత్రికల పేర్లతో సహా తయారైంది. 2010లో కౌన్సిల్ దాన్ని కుదించి విడుదల చేసింది. పూర్తి పాఠం 2011లో గానీ జనం ముందుకు రాలేదు.

రోగం మూలం ఆదాయంలో ఉంది. పత్రిక తయారీకయ్యే ఖర్చులో పాఠకుడు ఇచ్చేది కొంతే. మిగతాది ప్రకటనలు పూడ్చాలి. చానెల్‌కు రేటింగు, యూట్యూబుకు వ్యూస్ కూడు పెడతాయి. ఎక్కువసేపు చూస్తే ఎక్కువ డబ్బు కాబట్టి కోపం, భయం, కొట్లాట ముందుకొస్తాయి. సాగునీటి కాలువ పూడిక గురించి చెప్పేవాడు వెనకబడతాడు. కంట్రిబ్యూటరుకు వార్తలతో పాటు ప్రకటనల టార్గెట్ కూడా పెడితే, ఊరి పెద్ద మీద ఏం రాస్తాడు? ఈ ప్రశ్నను పాఠకులమే గట్టిగా అడగాలి.

తెలుగు మాధ్యమాల దారిలో

1902: మచిలీపట్నం నుంచి 'కృష్ణా పత్రిక'
1908: బొంబాయి నుంచి కాశీనాథుని నాగేశ్వరరావు 'ఆంధ్రపత్రిక' వారపత్రికగా. 1914లో మద్రాసు నుంచి దినపత్రిక
1926: హైదరాబాదు నుంచి 'గోలకొండ పత్రిక'
1938: మద్రాసు నుంచి 'ఆంధ్రప్రభ'
1948: విజయవాడ రేడియో కేంద్రం
1974: విశాఖపట్నం నుంచి 'ఈనాడు'
1977: హైదరాబాద్ దూరదర్శన్
1995: ప్రైవేటు తెలుగు టీవీ చానెళ్లు
2008: మాచ్నూర్ సంఘం రేడియో

మన చేతిలో ఉన్నది

ఇప్పుడు చేయాల్సింది ఏమిటి? కొత్తగా కనిపెట్టాల్సింది పెద్దగా లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పొదుపు సంఘాలున్నాయి, అవి నెలనెలా కూర్చుంటాయి. అప్పులు, వాయిదాల లెక్కలయ్యాక ఒక అరగంట ఆ నెల ఫోన్లలో తిరిగిన ఒక వార్తను విప్పి చూసుకోవచ్చు. ఎవరు చెప్పారు, ఎవరికి లాభం, ఇంకో చోట ఏమని వచ్చింది? ఈ మూడు ప్రశ్నలు వేయడానికి డిగ్రీలు అక్కర్లేదు. అక్షరం ముక్క రానివాళ్లు కూడా నెల్లూరులో ఇంతకన్నా పెద్ద ప్రశ్నలే వేశారు.

గ్రంథాలయాల మాట కూడా చూడాలి. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనమే కడుతున్నాం. ఆ డబ్బు సక్రమంగా అందితే ప్రతి శాఖా గ్రంథాలయంలో నాలుగు పత్రికలు పక్కపక్కన పరిచి, ఒకే సంఘటనను ఎవరెలా రాశారో పిల్లలతో పోల్చి చూపించవచ్చు. కేరళలోని కన్నూరు జిల్లా 2018లోనే ప్రభుత్వ బడుల్లో తప్పుడు వార్తలను పట్టుకోవడం పాఠంగా చెప్పింది. మన బడులు అంతకన్నా వెనకబడాల్సిన పని లేదు. మాచ్నూర్ లాంటి సముదాయ రేడియోలకు లైసెన్సు సులువు కావాలి. వాటికి ప్రభుత్వ ప్రకటనల్లో న్యాయమైన వాటా రావాలి.

పత్రికలు, చానెళ్ల బాధ్యత అందరికన్నా పెద్దది. మండలంలో వార్త రాసే మనిషికి బతకగలిగే జీతం ఇవ్వాలి, ప్రకటనల పని అతని మీద పెట్టకూడదు. ప్రకటనకు ప్రకటన అనే ముద్ర ఉండాలి. తప్పు రాస్తే, ఎంత పెద్దగా రాశారో అంత పెద్దగా సవరణ వేయాలి. పాఠకులుగా మనం నిజాయతీగా రాసే పత్రికకు చందా కట్టాలి. ఉచితంగా వచ్చే వార్తకు ధర ఇంకెవరో కడుతున్నారని, కట్టినవాడు ఊరికే కట్టడని గుర్తుంచుకోవాలి.

మాధ్యమాల మీద నమ్మకం పోయిందని ఇవాళ అందరూ బాధపడుతున్నారు. ఆ నమ్మకాన్ని ఏ చట్టమూ తెచ్చివ్వలేదు, ఏ యాపూ దించివ్వలేదు. వార్తను కలిసి చదివి, కలిసి తరచి, తప్పు కనపడితే కలిసి నిలదీసే చోటు ప్రతి వాడలో ఒక్కటి నిలబెట్టుకుందాం. అలాంటి పాఠకులున్న ఊరికి అబద్ధం అమ్మడం ఏ పత్రిక తరమూ కాదు, ఏ పార్టీ తరమూ కాదు.